ఉద్యోగంలో తొలి కష్టాలను ఇంగ్లిష్ ఇడియమ్స్‌లో చెప్పడం ఎలా?

కొత్త ఉద్యోగం ఎలా ఉందని ఎవరైనా ఇంగ్లిష్‌లో అడిగితే మనలో చాలామంది "వెరీ డిఫికల్ట్" అనో, "గుడ్, బట్ టఫ్" అనో ఊరుకుంటాం. అదే తెలుగులో అడిగితే మాటలు వాటంతటవే వస్తాయి. తల ప్రాణం తోకకొచ్చిందంటాం, ముచ్చెమటలు పట్టాయంటాం, ఆదిలోనే హంసపాదంటాం. ఒక్కో మాటలో ఒక్కో రకం ఇబ్బంది వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో కూడా ఉద్యోగంలో తొలిరోజుల కష్టానికి ఇలాంటి మాటలు బోలెడున్నాయి, వాటినే ఇడియమ్స్ అంటారు. వాటిని అర్థాలతో సహా బట్టీపట్టినా మాట్లాడేటప్పుడు నోటికి రావు, వచ్చినా తేడాగా వస్తాయి. ఎందుకంటే ఇడియమ్‌లో అర్థంతో పాటు ఇంకొన్ని సంగతులు ఉంటాయి. ఆ కష్టం ఎవరివల్ల వచ్చింది, ఇంకా ఉందా తీరిపోయిందా, చెప్పే మనిషి ఫిర్యాదు చేస్తున్నాడా లేక గట్టెక్కానని గర్వంగా చెప్తున్నాడా అన్నవి. ఇవి పట్టుబడితే పది పన్నెండు ఇడియమ్స్‌తోనే హాయిగా నెగ్గుకురావచ్చు.

1. ముందు జరిగింది తెలుగులో రాసుకోండి

జాబితా ముందేసుకుని కూర్చోవద్దు. ఒక కాగితం తీసుకుని, పనిలో మొదట్లో మీకు ఎదురైన ఒక ఇబ్బందిని నాలుగైదు వాక్యాల్లో తెలుగులో రాయండి. ఇంకా ఉద్యోగంలో చేరకపోతే ఇంటర్న్‌షిప్ అయినా, ట్రైనింగ్ అయినా సరే. ఉదాహరణకు ఇలా:

"చేరిన రెండో రోజే మా సీనియర్ సెలవు పెట్టారు. క్లయింట్ ఫోన్ నేనే ఎత్తాల్సి వచ్చింది. వాళ్ళు మాట్లాడింది సగం అర్థం కాలేదు. అడిగినవన్నీ రాసుకుని, కనుక్కుని, సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను."

రాశాక మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. నన్ను ఇందులోకి ఎవరు దింపారు: పైవాళ్ళా, పరిస్థితులా, నేనే దిగానా? ఇబ్బంది ఏ రకంది: పని తెలియకపోవడమా, చెప్పేవాళ్ళు లేకపోవడమా, పని మరీ ఎక్కువవడమా, ఎవరైనా మీద విరుచుకుపడటమా? ఇప్పుడది అయిపోయిందా, ఇంకా నడుస్తోందా? ఈ జవాబులు చేతిలో ఉంటే ఏ ఇడియమ్ కావాలో చాలావరకు తేలిపోయినట్టే. పైన రాసిన ఉదాహరణలో దింపింది పరిస్థితులు, ఇబ్బంది చెప్పేవాళ్ళు లేకపోవడం, సాయంత్రానికి అయిపోయింది. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

2. నీళ్ళ ఇడియమ్స్‌తో మొదలుపెట్టండి

ఈ విషయం మీద ఇంగ్లిష్ ఇడియమ్స్‌లో నీళ్ళకు సంబంధించినవే ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఒక ఈత కొలనును ఊహించుకోండి. ఒక పక్క లోతు తక్కువ, ఇంకో పక్క నిలువులోతు. ఈత నేర్చుకునేవాళ్ళు తక్కువ లోతున్న పక్కన దిగుతారు. అలా కాకుండా ఎవరైనా మిమ్మల్ని లోతున్న పక్కకు విసిరేస్తే, అది "థ్రోన్ ఇన్ ఎట్ ది డీప్ ఎండ్". ట్రైనింగ్ లేకుండా, ఎవరూ చెప్పకుండా పెద్ద పని మీద పడేశారన్నమాట. విసిరింది వేరొకరో, పరిస్థితులో కాబట్టి వాక్యం "ఐ వాజ్ థ్రోన్ ఇన్ ఎట్ ది డీప్ ఎండ్" అని ఉంటుంది. మీ అంతట మీరే ధైర్యంగా దిగితే "ఐ జంప్డ్ ఇన్ ఎట్ ది డీప్ ఎండ్". ఒక్క క్రియ మారేసరికి కథ ఎంత మారిందో చూడండి. మొదటిదాంట్లో మీరు ఇరుక్కున్నారు, రెండోదాంట్లో మీరు చొరవ చూపారు. బ్రిటిష్ వాడుకలో "ది" ముందు "ఇన్", "ఎట్" అని రెండు చిన్న పదాలూ వస్తాయి. అమెరికన్లు "ఇంటు ది డీప్ ఎండ్" అంటారు. ఏదైనా పర్వాలేదు, ఒకటి పట్టుకుని దానికే కట్టుబడండి.

ఇక్కడ జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటుంది. "గో ఆఫ్ ది డీప్ ఎండ్" అనే ఇంకో ఇడియమ్‌కు ఒళ్ళు తెలియని కోపంతో విరుచుకుపడటం, మతి తప్పినట్టు ప్రవర్తించడం అని అర్థం. "ఐ వెంట్ ఆఫ్ ది డీప్ ఎండ్ ఆన్ మై ఫస్ట్ డే" అంటే వినేవాళ్ళు కంగారుపడతారు.

లోతులో పడ్డాక కాళ్ళకు నేల అందకపోతే "ఔట్ ఆఫ్ మై డెప్త్". ఇందులో విసిరినవాళ్ళ ప్రసక్తి లేదు. ఈ పనికి నాకున్న పరిజ్ఞానం చాలట్లేదు అని మీ గురించి మీరు చెప్పుకోవడం. "ఇన్ ఓవర్ మై హెడ్" కూడా దాదాపు ఇదే, కాకపోతే చిక్కుల్లో ఇరుక్కుపోయాను, బయటపడటం కష్టంగా ఉందన్న ధ్వని ఎక్కువ. పని తెలిసినా కుప్పలు తెప్పలుగా వచ్చి పడుతుంటే "ఐయామ్ జస్ట్ కీపింగ్ మై హెడ్ ఎబవ్ వాటర్", అంటే మునగకుండా నెట్టుకొస్తున్నానని. మన "తలకు మించిన పని" ఈ మూడింటికీ దగ్గరగానే ఉంటుంది కాబట్టి మూడూ ఒకటేననుకుంటాం. అందుకే ఇందాకటి రెండో ప్రశ్న, ఇబ్బంది ఏ రకంది అన్నది, ఇక్కడ బాగా పనికొస్తుంది.

"సింక్ ఆర్ స్విమ్" అంటే మునిగితే మునుగు, ఈదితే ఈదు, సాయం మాత్రం ఉండదు అని. ఇది మనిషి గురించి కన్నా ఆ చోటి పద్ధతి గురించి చెప్తుంది. "ఇట్ వాజ్ సింక్ ఆర్ స్విమ్" అని వాడతారు. స్విమ్ ముందుకు, సింక్ వెనక్కు మార్చడానికి లేదు. ఇడియమ్స్‌లో పదాల వరుస మన జంటపదాల్లాంటిదే, తిప్పితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇదే నీళ్ళలో కష్టం లేనిది కూడా ఒకటుంది: "గెట్ మై ఫీట్ వెట్". ఒడ్డున నిలబడి పాదాలు తడుపుకోవడం, అంటే చిన్న పనితో మెల్లగా మొదలుపెట్టడం. "దే లెట్ మి గెట్ మై ఫీట్ వెట్ విత్ ఎ స్మాల్ ప్రాజెక్ట్" అంటే వాళ్ళు మీతో మంచిగా వ్యవహరించారని. దీన్ని కష్టాల జాబితాలో వేసుకోవద్దు.

3. తర్వాత నిప్పు

"బాప్టిజమ్ ఆఫ్ ఫైర్" బైబిల్ నుంచి బయల్దేరిన మాట. మత్తయి సువార్త 3వ అధ్యాయం 11వ వచనంలో పరిశుద్ధాత్మతోను, అగ్నితోను ఇచ్చే బాప్తిస్మం ప్రస్తావన ఉంది. తర్వాతి కాలంలో సైనికుడు మొదటిసారి శత్రువు కాల్పులను ఎదుర్కోవడానికి ఈ మాట వాడారు. అక్కణ్ణుంచి ఉద్యోగాల్లోకి వచ్చింది. ఈ ప్రయాణం తెలిస్తే వాడకం దానంతటదే అర్థమవుతుంది. బాప్తిస్మం అంటే క్రైస్తవ మతంలోకి ప్రవేశం, కాబట్టి ఇది మొదటి అనుభవానికే చెల్లుతుంది. మూడేళ్ళ అనుభవం తర్వాత వచ్చిన కష్టకాలానికి ఇది నప్పదు, కొత్త పదవిలో చేరితే తప్ప. ఇక నిప్పు కాల్పులది కాబట్టి తీవ్రత ఉండాలి. నర్సుగా చేరిన మొదటి రాత్రే ఎమర్జెన్సీ వార్డు కిక్కిరిసిపోవడం, టీచర్‌గా మొదటి క్లాసే అందరూ భయపడే క్లాసు కావడం, ఇలాంటివి. కంప్యూటర్ పాస్‌వర్డ్ రెండు గంటలు ఆలస్యంగా ఇచ్చినందుకు ఈ మాట వాడితే అతిగా ఉంటుంది.

"మై ఫస్ట్ షిఫ్ట్ వాజ్ ఎ బాప్టిజమ్ ఆఫ్ ఫైర్." ముందు "ఎ" తప్పనిసరి. అమెరికన్ల నోట "బై ఫైర్" అని కూడా వినిపిస్తుంది. పలికేటప్పుడు "బ్యాప్టిజమ్" అనండి, మధ్యలో "ప్" వినపడాలి, చివర "జమ్".

దీని పక్కనే "ట్రయల్ బై ఫైర్" ఉంటుంది. మధ్యయుగాల ఐరోపాలో నిందితుడి చేత కాల్చిన ఇనుము పట్టించి, మూడు రోజుల తర్వాత కట్టు విప్పి, ఆ గాయాన్ని బట్టి దోషో కాదో తేల్చేవారు. 1215లో క్రైస్తవ మతపెద్దల లాటరన్ మహాసభ ఇలాంటి పరీక్షల్లో మతగురువులు పాల్గొనకూడదని నిషేధించింది. అగ్నిపరీక్ష అనే మాట పుట్టినప్పటి నుంచీ వింటున్న మనకు ఇది వేరే నేర్చుకోనక్కర్లేదు. ఎవరో చూస్తున్నారు, నేను నిరూపించుకోవాలి అన్న ఒత్తిడి ఉన్నచోట ఇది సరిపోతుంది. రోజువారీ వాడుకలో ఈ రెండూ కలిసిపోతూ ఉంటాయి, మరీ గీత గీసుకుని కూర్చోవక్కర్లేదు.

4. కొన్ని మనుషులకు, కొన్ని పనులకు. తేడా రాసుకోండి

"టీదింగ్ ప్రాబ్లమ్స్" అంటే పసివాళ్ళకు పళ్ళు వచ్చేటప్పటి ఇబ్బందులు. కానీ ఆఫీసులో దీన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌కో, కొత్త ప్రాజెక్టుకో, కొత్తగా పెట్టిన బ్రాంచికో వాడతారు. "ద న్యూ సిస్టమ్ హ్యాడ్ సమ్ టీదింగ్ ప్రాబ్లమ్స్" బాగుంటుంది. "ఐ హ్యాడ్ టీదింగ్ ప్రాబ్లమ్స్" అంటే చిన్నప్పటి సంగతేదో చెప్తున్నారనుకుంటారు. మనిషికి పళ్ళ ఇడియమ్ కావాలంటే "ఐ కట్ మై టీత్ ఆన్ కస్టమర్ కాల్స్" ఉంది. ఇది కోతకు సంబంధించింది కాదు, చిగురులోంచి పన్ను పొడుచుకురావడం. ఓనమాలు అక్కడే దిద్దాను, రాటుదేలింది అక్కడే అనే అర్థంలో, పాత సంగతిగా, కాస్త గర్వంగా చెప్తారు.

"స్టీప్ లెర్నింగ్ కర్వ్" మీద చిన్న వివరణ అవసరం. నైపుణ్యాన్ని నిలువు గీత మీద, కాలాన్ని అడ్డగీత మీద పెట్టి గ్రాఫ్ గీస్తే, నిటారుగా లేచిన గీతకు అసలు అర్థం తొందరగా నేర్చుకుంటున్నారని. సామాన్య వాడుకలో మాత్రం నిటారు కొండ ఎక్కుతున్నట్టు, తక్కువ టైములో చాలా నేర్చుకోవాల్సి రావడం అని స్థిరపడింది. లెక్కలు తెలిసినవాళ్ళు దీన్ని తప్పుబడుతుంటారు. మీరు వాదనకు దిగకుండా వాడుక అర్థంలోనే వాడండి. దీనికి తెగ ఉపయోగం ఉంది, ఎవర్నీ నిందించకుండా కష్టాన్ని ఒప్పుకునే మాట ఇది.

"లెర్న్ ది రోప్స్" తెరచాప ఓడలది. తెరచాపల్ని లాగడానికి, దించడానికి ఓడ నిండా తాళ్ళే. కొత్తగా చేరిన నావికుడు ఏ తాడు దేనికో ముందు తెలుసుకోవాలి. ఎప్పుడూ "రోప్స్" అనే బహువచనం, ముందు "ది". మీరు నేర్చుకుంటే "లెర్నింగ్ ది రోప్స్", ఎవరైనా నేర్పిస్తే "షీ షోడ్ మి ది రోప్స్".

పాదాలవి కలగాపులగం కాకుండా చూసుకోండి. "ఫైండ్ మై ఫీట్" కుదురుకోవడం. "గెట్ ఆఫ్ ఆన్ ది రాంగ్ ఫుట్" ఎవరితోనో మొదట్లోనే చెడటం. "గెట్ కోల్డ్ ఫీట్" ఆఖరి నిమిషంలో భయపడి వెనకడుగు వేయడం. మొదటి రోజు భయపడుతూనే వెళ్ళి పని చేసినవాళ్ళకు కోల్డ్ ఫీట్ వచ్చినట్టు కాదు.

5. ఎవరి దగ్గర ఏది అనాలో చూసుకోండి

నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే, చాలా పుస్తకాల్లో దీనికి రెండు లైన్లు కూడా ఇవ్వరు. ఒకే సంగతిని స్నేహితుడికి చెప్పే ఇడియమ్ వేరు, మేనేజర్‌కు చెప్పేది వేరు.

మేనేజర్ "హౌ ఆర్ యు గెటింగ్ ఆన్?" అని అడిగినప్పుడు "ఐయామ్ ఔట్ ఆఫ్ మై డెప్త్" అంటే, ఈ పని నావల్ల కావట్లేదు అని ఒప్పుకున్నట్టు. నిజంగా సాయం కావాలంటే అలాగే చెప్పండి, తప్పేం లేదు. ఊరికే కాస్త ఇబ్బందిగా ఉందని చెప్పడానికైతే "ఐయామ్ స్టిల్ ఫైండింగ్ మై ఫీట్" అనండి, లేదా "ఇట్స్ బీన్ ఎ స్టీప్ లెర్నింగ్ కర్వ్, బట్ ఐయామ్ గెటింగ్ దేర్" అనండి. ఇబ్బంది తెలుస్తుంది, నమ్మకం చెడదు.

"థ్రోన్ ఇన్ ఎట్ ది డీప్ ఎండ్"లో విసిరినవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. విసిరిన ఆ మేనేజర్ ముందే అంటే చిరునవ్వుతో అనాలి, లేకపోతే సణుగుడులా వినిపిస్తుంది. "థ్రోన్ టు ది వుల్వ్స్" ఇంకా ఘాటు. కాపాడాల్సినవాళ్ళే నన్ను బలిచేశారన్న నింద అది. "థ్రోన్ అండర్ ది బస్" అంటే తమను కాపాడుకోవడానికి నన్ను ఇరికించారని, నమ్మకద్రోహం ఆరోపణ. మూడూ "థ్రోన్" తోనే మొదలవుతాయి కనుక తడబాటు సహజం. చివరి రెండూ నోటి దాకా వస్తే ఒక్క క్షణం ఆగండి.

"వెట్ బిహైండ్ ది ఇయర్స్" అంటే ఇంకా పచ్చిగా ఉన్నాడు, లోకం తెలియదు అని. అప్పుడే పుట్టిన దూడ చెవుల వెనక తడి ఆరకపోవడాన్ని గుర్తుచేసే మాట. మీ గురించి మీరు, అదీ గడిచిపోయిన రోజుల గురించి చెప్పుకోవచ్చు. పక్క సీటు వాళ్ళను అనకూడదు.

రెజ్యూమెలో ఇడియమ్స్ అసలు వద్దు. అవతలివాళ్ళకు ఇంగ్లిష్ అంతంతమాత్రమైతే అక్కడా వద్దు.

6. ఇప్పుడు మీ పేరా తయారుచేయండి

మొదట రాసుకున్న తెలుగు వాక్యాలు బయటకు తీయండి. పరిస్థితులు దింపాయి, చెప్పేవాళ్ళు లేరు, అయిపోయింది. అంటే డీప్ ఎండ్, భూతకాలంలో. ఇలా వస్తుంది:

"మై సీనియర్ వాజ్ ఆన్ లీవ్ ఆన్ మై సెకండ్ డే, సో ఐ వాజ్ థ్రోన్ ఇన్ ఎట్ ది డీప్ ఎండ్. ఐ హ్యాడ్ టు టేక్ ఎ క్లయింట్ కాల్ ఆన్ మై ఓన్. ఐ డిడ్ంట్ ఫాలో హాఫ్ ఆఫ్ ఇట్, బట్ ఐ రోట్ డౌన్ ఎవ్రీ క్వశ్చన్ అండ్ కాల్డ్ దెమ్ బ్యాక్ దట్ ఈవినింగ్ విత్ ది ఆన్సర్స్."

ఇడియమ్ ఒక్కటే ఉంది. దాని ముందు కారణం ఉంది, వెంటనే ఏం జరిగిందో ఉంది, చివర మీరేం చేశారో ఉంది. ఇడియమ్ ఎక్కడో దిగి, అక్కడితో ఆగిపోతే వినేవాళ్ళకు ఏమీ తెలియదు. ఇంటర్వ్యూలో కష్టమైన అనుభవం ఒకటి చెప్పమన్నప్పుడు ఈ వరుస ప్రాణం పోస్తుంది. "ఇట్ వాజ్ ఎ బాప్టిజమ్ ఆఫ్ ఫైర్ అండ్ ఐ వాజ్ ఔట్ ఆఫ్ మై డెప్త్ అండ్ ఇట్ వాజ్ సింక్ ఆర్ స్విమ్" అని గుదిగుచ్చితే మాత్రం బట్టీపట్టారని తేలిపోతుంది.

అదే సంఘటనలో ఒక వివరం మార్చి చూడండి. క్లయింట్ ఫోన్ ఎత్తగానే అరిచి గోల చేశాడనుకోండి, అప్పుడు "బాప్టిజమ్ ఆఫ్ ఫైర్" నప్పుతుంది. క్లయింట్ మంచివాడే, మీరే వాళ్ళడిగిన సబ్జెక్టు ఎప్పుడూ చదవలేదనుకోండి, "ఔట్ ఆఫ్ మై డెప్త్". సీనియర్ ఉన్నా నేనే మాట్లాడతానని ముందుకొచ్చి చిక్కుకున్నారనుకోండి, "ఐ బిట్ ఆఫ్ మోర్ దాన్ ఐ కుడ్ చ్యూ". తప్పు మీదేనని ఒప్పుకునే మాట ఇది. ఇలా ఒకే సంఘటనను మార్చి మార్చి చెప్పడం ఇరవై కొత్త ఇడియమ్స్ చదవడంకన్నా ఎక్కువ నేర్పుతుంది.

7. సరిచూసుకోవడం, గుర్తుంచుకోవడం

కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, లాంగ్‌మన్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇడియమ్ మొత్తం టైప్ చేసినా, ముఖ్యమైన పదం కొట్టినా దొరుకుతుంది. అర్థం చదివి మూసేయకుండా, ఇన్‌ఫార్మల్ అనో, బ్రిటిష్ అనో పక్కన ఏమైనా రాశారా చూడండి, ఉదాహరణ వాక్యం పైకి చదవండి. ఎలా పలుకుతారో వినాలంటే యూగ్లిష్ అనే సైటులో మాట టైప్ చేస్తే, నిజమైన వీడియోల్లో జనం ఆ మాట అన్న చోటు నుంచి వినిపిస్తుంది. "ఇన్ ఎట్ ది" అనే మూడు పదాలు ఎలా ఒకే ఊపిరిలో కలిసిపోతాయో అక్కడ వింటే తెలుస్తుంది.

కార్డులు రాసుకునే అలవాటుంటే ముందు వైపు అర్థం రాయొద్దు, సందర్భం రాయండి. "ట్రైనింగ్ లేకుండానే పెద్ద పని అప్పగించారు" అని ఒక వైపు, వెనక ఇడియమ్‌తో మీ సొంత వాక్యం. నిజజీవితంలో మనకు ముందు సందర్భమే ఎదురవుతుంది, మాట దాని వెనకే రావాలి. వారానికి రెండు మూడు ఇడియమ్స్‌కు మించి పెట్టుకోవద్దు. కొన్ని రోజులు పోయాక పాతవి మళ్ళీ తిప్పండి.

8. అవతలివాళ్ళు అన్నప్పుడు

వీటిని మీరు వాడటంకన్నా ముందు వినాల్సి వస్తుంది. ఉద్యోగ ప్రకటనలో "మస్ట్ హిట్ ది గ్రౌండ్ రన్నింగ్" అని ఉంటే, నేలమీద కాలు పెట్టగానే పరుగెత్తాలన్నమాట, అంటే మొదటి రోజు నుంచే పని చేయగలగాలి, ట్రైనింగ్ మీద పెద్దగా ఆశలు పెట్టుకోవద్దని చెప్తున్నారు. ఇంటర్వ్యూలో "వి థ్రో పీపుల్ ఇన్ ఎట్ ది డీప్ ఎండ్ హియర్" అని నవ్వుతూ అన్నా అది సమాచారమే. భయపడి ఊరుకోవద్దు, వాళ్ళ మాటల్లోనే మర్యాదగా అడగండి: "హూ విల్ షో మి ది రోప్స్ ఇన్ ది ఫస్ట్ ఫ్యూ వీక్స్?" ఒక మనిషి పేరు చెప్తే ఆ చోట సాయం ఉన్నట్టు. జవాబు చెప్పకుండా మాట దాటేస్తే, అక్కడ పద్ధతి "సింక్ ఆర్ స్విమ్" అని లెక్కేసుకుని, చేరాలో వద్దో ఆలోచించుకోండి.